మోడ్‌ఫ్లో 6 రివ్యూ: ఊటని, నదిని, చెరువుని కాపాడే లెక్కకి ఇది నిలబడుతుందా

ముందే చెప్పేస్తా, నా రేటింగ్ 5కి 4. 11 ఏళ్ళుగా దీని పాత వెర్షన్లూ కొత్త వెర్షన్లూ వాడుతున్నా, నాకు తిండి పెట్టేది కూడా ఇదే, అయినా ఒక స్టార్ ఎందుకు తగ్గించానో చెప్పాలంటే కొంచెం టైమ్ పడుతుంది. తిరుపతిలో, హైదరాబాద్‌లో జియాలజీ ఎమ్మెస్సీ చేసే పిల్లలు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు, అక్కా గ్రౌండ్‌వాటర్ మోడలింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, క్రాక్ వెర్షన్ దొరుకుతుందా అని. ఏదీ కొనక్కర్లేదమ్మా, దొంగతనం అసలే అక్కర్లేదు. అందరికీ విడివిడిగా జవాబులు రాసే బదులు ఒకేచోట రాస్తున్నా.

మోడ్‌ఫ్లో అంటే అమెరికా జియలాజికల్ సర్వే, అదే యూఎస్‌జీఎస్ వాళ్ళు చేసిన భూగర్భజలాల ప్రోగ్రామ్. మైఖేల్ మెక్‌డొనాల్డ్, ఆర్లెన్ హార్‌బా అనే ఇద్దరు ఫోర్‌ట్రాన్‌లో రాసింది, మొదటిది 1984లో వచ్చింది, తర్వాత 96, 2000, 2005 అని వస్తూ వస్తూ 2017లో ఈ 6 వచ్చింది. పూర్తిగా ఫ్రీ, కోడ్ మొత్తం బయటే ఉంటుంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఈ చివరి మాట చాలా ముఖ్యం, ఎందుకంటే ఒక ఊటకి ఎన్ని నీళ్ళు వదలాలి అన్న గొడవ కోర్టుకెళ్ళినప్పుడు రెండు వైపుల వాళ్ళూ అదే ప్రోగ్రామ్‌ని సొంత కంప్యూటర్‌లో నడిపి చూసుకోగలగాలి, లోపల ఏముందో కంపెనీకి తప్ప ఎవరికీ తెలీదు అనే సాఫ్ట్‌వేర్‌తో అది కుదరదు.

డౌన్‌లోడ్ చేశాక మాత్రం బెంబేలెత్తకండి. డబుల్ క్లిక్ చేస్తే కిటికీ తెరుచుకోదు, మ్యాప్ రాదు. టెక్స్ట్ ఫైళ్ళు రాసిస్తే అవి చదివి లెక్క చేసి ఇంకో టెక్స్ట్ ఫైలు ఇస్తుంది, అంతే. బొమ్మలు చూస్తూ కట్టాలనుకునేవాళ్ళకి యూఎస్‌జీఎస్ వాళ్ళదే మోడల్‌మ్యూజ్ ఉంది, అదీ ఫ్రీ. పైథాన్ వచ్చినవాళ్ళకైతే ఫ్లోపై అనే లైబ్రరీ ఉంది, నేను 5 ఏళ్ళుగా దాంట్లోనే చేస్తున్నా. ఆఫీసులో డబ్బులు పోసి కొన్న గ్రాఫిక్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది గానీ లోపల నడిచే ఇంజిన్ ఇదే కదా, పైన తొడుగు మాత్రమే వేరు.

ఇది చేసే పని చెప్పుకుంటే సింపుల్. నేల లోపలి నీటిపొరని గళ్ళుగా కోస్తుంది, ఒక్కో గడిలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని అన్ని గళ్ళకీ ఒకేసారి లెక్క కుదిరేదాకా తిప్పుతుంది. నీళ్ళు వచ్చే పోయే ఒక్కో దారికీ ప్రోగ్రామ్‌లో ఒక్కో భాగం ఉంటుంది, దాన్ని ప్యాకేజీ అంటాం. వాన ఇంకడం ఒక ప్యాకేజీ, బోర్లు ఒక ప్యాకేజీ, నది ఒకటి, చెరువు ఒకటి. మన ఇంటి జమాఖర్చు పుస్తకం లాంటిదే, కాకపోతే లక్షల గళ్ళకి.

నేనుండేది ఫ్లోరిడాలో, ఊటల దేశం ఇది, వెయ్యికి పైగా ఉన్నాయి. మా నాయన అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఒకాలా దగ్గర సిల్వర్ స్ప్రింగ్స్‌కి తీసుకెళ్ళి అడుగున అద్దమున్న పడవ ఎక్కించా. కింద ఇసుకని తోసుకుంటూ నీళ్ళు పైకి పొంగుతున్నాయి, 30 అడుగుల లోతులో చేప కూడా స్పష్టంగా కనపడుతోంది. మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఏం పాపా, ఇన్ని నీళ్ళు వాటంతటవే పైకొస్తాంటే మళ్ళీ దీనికి నువ్వు లెక్కలేసేదేంది?" అని.

అప్పుడు ఆయనకి కిసెంజెన్ ఊట గురించి చెప్పా. ఇదే రాష్ట్రంలో, పోక్ కౌంటీలో బార్టో ఊరి పక్కన ఉండేది, జనం ఆదివారాలు ఈతకి వెళ్ళేవాళ్ళు, డైవింగ్ ప్లాట్‌ఫామ్ కూడా ఉండేది. చుట్టుపక్కల ఫాస్ఫేట్ గనులకీ మిగతా అవసరాలకీ బోర్లు వేసి తోడుతూ పోయారు, 1950లో ఊట ఆగిపోయింది. ఆ రోజు ఎవరూ వచ్చి దాన్ని మూసెయ్యలేదు, ఎక్కడో మైళ్ళ దూరంలో ఉన్న మోటార్లు నడుస్తూనే ఉన్నాయి, ఇక్కడ మాత్రం నీళ్ళు రాలేదు. మా నాయన "మన ఊటకాలువ మాదిరే" అన్నాడు, ఇంకేం అనలేదు.

మోడ్‌ఫ్లోలో ఊటని ఎలా పెడతారో చూస్తే అది ఎందుకు అంత సున్నితమో అర్థమవుతుంది. డ్రెయిన్ అనే ప్యాకేజీ వాడతాం. నేల లోపలి నీటిమట్టం ఊట నోటి మట్టం కంటే ఎంత పైనుంటే అంత, దాన్ని కండక్టెన్స్ అనే, నీళ్ళు ఎంత సులువుగా బయటికి రాగలవో చెప్పే ఒక నంబరుతో గుణిస్తే వచ్చేది ఊట ప్రవాహం. లోపలి మట్టం నోటి కంటే కిందికి పడితే ప్రవాహం సున్నా, అక్కడితో అయిపోయింది. ఇప్పుడు ఈ తేడా 5 అడుగులే ఉందనుకోండి, ఫ్లోరిడా ఊటల దగ్గర ఇలా కొద్ది అడుగులే ఉండటం మామూలే, బోర్ల వల్ల లోపలి మట్టం ఒక్క అడుగు తగ్గితే ప్రవాహంలో అయిదో వంతు పోయినట్టు. మన దగ్గర బోరు 600 అడుగులకి పోతున్న చోట ఒక అడుగు అంటే నవ్వుతారు, కానీ ఊటకి ఆ అడుగే ప్రాణం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా రివ్యూ అంతా అర్థమవుతుంది.

ఇక్కడ చట్టం కూడా దీని మీదే నడుస్తుంది. 1972లో ఫ్లోరిడా నీటి చట్టం తెచ్చారు, రాష్ట్రాన్ని 5 నీటి జిల్లాలుగా చేశారు, ఒక్కో నదికీ ఊటకీ సరస్సుకీ కనీస ప్రవాహం లేదా కనీస మట్టం నిర్ణయించాలి, అంతకు మించి తోడితే అక్కడి నీటికీ జీవాలకీ చెప్పుకోదగ్గ హాని జరుగుతుంది అనే గీత అన్నమాట. ఆ గీత కిందికి పోయుంటే కోలుకునే ప్లాన్, వచ్చే 20 ఏళ్ళలో పోయేలా ఉంటే నివారణ ప్లాన్ పెట్టాలి. 2016లో ఇంకో చట్టంతో 30 ఊటలకి ప్రత్యేక రక్షణ ఇచ్చారు. మరి ఇప్పుడు ఊటలో తగ్గిన నీటిలో వానలు తక్కువవడం వల్ల ఎంత, బోర్ల వల్ల ఎంత? ఊట దగ్గర నిలబడి మీటర్ పెట్టి కొలిస్తే ఈ ప్రశ్నకి జవాబు రాదు. కొలతలో రెండూ కలిసే ఉంటాయి. మోడల్ అవసరం సరిగ్గా ఇక్కడే పడుతుంది.

చేసే పద్ధతేంటంటే ఒకే మోడల్‌ని రెండుసార్లు నడుపుతాం, ఒకసారి బోర్లన్నీ పెట్టి, ఇంకోసారి తీసేసి, తర్వాత రెండింటి తేడా తీస్తాం. ఇందులో అందం ఏంటంటే మోడల్‌లో ఉన్న తప్పులు కొన్ని రెండు రన్‌లలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా తీసినప్పుడు చాలావరకు కొట్టుకుపోతాయి. అందుకే నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పేది, ఈ బావిలో నీళ్ళు సరిగ్గా ఎన్ని అడుగుల్లో ఉంటాయి అని మోడల్‌ని అడగొద్దు, ఇంకో 10 బోర్లు వేస్తే ఎంత తగ్గుతుంది అని అడగండి. రెండో ప్రశ్నకి అది చెప్పే జవాబు మొదటిదానికంటే ఎన్నో రెట్లు నమ్మొచ్చు.

ఇంకో బలం, ఆలస్యాన్ని చూపించడం. బోరు వేసిన మరుసటి రోజు నది తగ్గదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కాగితం మీద చేసుకునే పాత లెక్క ఒకటుంది, దూరం వర్గాన్ని నిల్వ గుణకంతో (మట్టం తగ్గితే పొర ఎన్ని నీళ్ళు వదులుతుందో చెప్పేది) గుణించి ట్రాన్స్‌మిసివిటీతో (పొర నీళ్ళని ఎంత బాగా పారనిస్తుందో చెప్పేది) భాగించాలి. నది నుంచి 2 కిలోమీటర్ల దూరంలో బోరు, నిల్వ గుణకం 0.1, ట్రాన్స్‌మిసివిటీ రోజుకి 500 చదరపు మీటర్లు అనుకుంటే 800 రోజులొస్తుంది, అన్ని రోజులు ఆగకుండా తోడితే ఆ రోజుకి ఆ బోరు తోడే నీళ్ళలో దాదాపు సగం నది నుంచి గుంజుకున్నవే అవుతాయి. దూరం రెట్టింపు చేసి 4 కిలోమీటర్లు పెట్టండి, 3200 రోజులు, అంటే దగ్గరదగ్గర 9 ఏళ్ళు. అన్నేళ్ళ తర్వాత నది ఎండితే ఆ బోరు ఎవరికి గుర్తుంటుంది? పైగా మోటార్ ఆపేసినా నది వెంటనే కోలుకోదు, తోడటం వల్ల నేల లోపలి మట్టంలో పడ్డ గుంత నిండేదాకా నది నుంచి నీళ్ళు గుంజుతూనే ఉంటుంది. అదే పైన బంకమట్టి కప్పి ఒత్తిడిలో ఉన్న పొరైతే నిల్వ గుణకం వెయ్యి రెట్లు చిన్నదిగా ఉంటుంది, అప్పుడు అదే 2 కిలోమీటర్లకి ఒక్క రోజు కూడా పట్టదు. కాగితం లెక్కకి నది తిన్నగా ఉండాలి, పొర అంతా ఒకేలా ఉండాలి, నిజం నేల అలా ఉండదు కాబట్టే మోడ్‌ఫ్లో కావాలి.

నన్ను అడిగితే ఈ సాఫ్ట్‌వేర్ చేసిన అన్నిటికంటే పెద్ద మేలు కూడిక. బోర్లకి అనుమతి అడిగే పర్మిట్ ఫైళ్ళు చదివే పని కొన్నాళ్ళు చేశా, ఒక్కో దరఖాస్తులో ఈ బోరు వల్ల ఊట దగ్గర మట్టం 0.02 అడుగులు తగ్గుతుంది, కాబట్టి పట్టించుకోవాల్సింది కాదు అని రాసి ఉంటుంది. అబద్ధం కాదు. కానీ అలాంటివి 100 కలిస్తే 2 అడుగులు, 5 అడుగుల తేడా మీద బతికే ఊటకి 2 అడుగులు. ఎవరికి వాళ్ళు నాది చిటికెడే అంటారు, కుండ మాత్రం ఖాళీ. అందర్నీ ఒకే మోడల్‌లో పెట్టి నడిపితే తప్ప ఇది కనపడదు. ఇచెటక్నీ, సాంటా ఫే నదుల విషయంలో జరిగింది అదే, జాక్సన్‌విల్ వైపు ఇంకో నీటి జిల్లాలో తోడేది కూడా ఇటు ప్రభావం చూపిస్తోందని తేలాక రెండు జిల్లాలూ కలిసి ఉత్తర ఫ్లోరిడా, ఆగ్నేయ జార్జియాకి ఒకే మోడల్ కట్టాయి. 7 పొరలు, ఒక్కో గడి 2500 అడుగులు. నీళ్ళకి జిల్లా బోర్డర్ తెలీదు కదా, మన దగ్గర కర్ణాటక, ఆంధ్ర మధ్య పెన్నా గొడవ చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

సరే ఇప్పుడు ఆ పోయిన స్టార్.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నాకో చిన్న నది దగ్గర బావుల క్షేత్రం, అంటే ఒకేచోట చాలా బోర్లు వేసి తోడే చోటు, దాని పని ఇచ్చారు. నదిని రివర్ ప్యాకేజీతో పెట్టా, అందరూ పెట్టేదే. క్యాలిబ్రేషన్, అంటే మోడల్ మట్టాల్ని కొలిచిన మట్టాలతో సరిపోల్చి సర్దడం, బ్రహ్మాండంగా కుదిరింది, బోర్లు రెట్టింపు చేసినా నీటిమట్టాలు పెద్దగా పడలేదు, నది పక్కనే ఉంది కాబట్టి తట్టుకుంటోంది అని రిపోర్ట్ డ్రాఫ్ట్ రాసేశా. ఇంకో వారంలో పంపాల్సింది. మా సీనియర్ ఒకావిడ ప్రోగ్రామ్ రాసిచ్చే లిస్టింగ్ ఫైలు చివర ఉండే నీటి బడ్జెట్ పట్టిక తెరిచి నదిలోంచి నేలలోకి ఎంత పోతోందో చూడమంది. చూస్తే వేసవిలో ఆ నదిలో పారే మొత్తం నీటికంటే ఎక్కువ నేలలోకి దిగుతోంది. అంటే నా మోడల్‌లో నది లేని నీళ్ళు ఇస్తోంది. రివర్ ప్యాకేజీకి నదిలో ఎన్ని నీళ్ళున్నాయో తెలీదు, మనమిచ్చిన మట్టం చూసుకుని ఎంత గుంజితే అంత ఇస్తూ పోతుంది, నది ఎప్పటికీ ఎండదు. నేను ఆ రిపోర్ట్ పంపి ఉంటే ఆ బోర్లకి అనుమతి వచ్చేది, నది నిజంగా ఎండేది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. ప్రోగ్రామ్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు, లెక్క సరిగ్గా కుదిరింది కాబట్టి దాని దృష్టిలో తప్పేమీ లేదు. నది నీళ్ళని కూడా లెక్కపెట్టే ఎస్‌ఎఫ్‌ఆర్ అనే ప్యాకేజీ ఉంది, అది పెడితే పై నుంచి ఎంత వస్తోందో చూసుకుని అంతవరకే ఇస్తుంది, ఎండితే ఎండినట్టు చూపిస్తుంది. కాపాడాల్సింది నదినే అయినప్పుడు రివర్ ప్యాకేజీ వాడటం తప్పు అని నా గట్టి అభిప్రాయం.

సరస్సుకీ ఇదే. మట్టం మారని గడిలా పెట్టేస్తే దాని మట్టం ఎన్ని బోర్లు వేసినా మారదు, మనమే మారొద్దని చెప్పాం కదా. లేక్ ప్యాకేజీ పెట్టాలి, అప్పుడు వాన, ఆవిరి, వచ్చే కాలువ, అడుగు నుంచి ఊరే నీళ్ళు అన్నీ చూసుకుని మట్టం అదే తేల్చుకుంటుంది. దీన్ని స్థిరంగా నడపడానికి ఓపిక కావాలి, నాకు రాత్రుళ్ళు పోయాయి. మోడల్ అంచులు కూడా చూసుకోండి, బోరుకి దగ్గర్లో మట్టం మారని అంచు పెడితే అక్కడ్నుంచి ఊరికే నీళ్ళు వచ్చిపడతాయి, ఊటకి ఏమీ కానట్టు కనపడుతుంది. ఒక దరఖాస్తులో సరిగ్గా ఇలాగే పెట్టి ప్రభావం లేదు అని తేల్చారు, కావాలని చేశారో తెలీక చేశారో నేననను, అంచుని 10 మైళ్ళు దూరం జరిపి నడిపితే జవాబు మారిపోయింది.

యూనిట్ల సంగతి కూడా చెప్పాలి. అడుగులా మీటర్లా అని ఇది పట్టించుకోదు, ఇన్‌పుట్‌లో రాసే యూనిట్ పేరు లేబుల్ మాత్రమే. ఒక ఫైలు అడుగుల్లో ఇంకోటి మీటర్లలో ఇచ్చినా హాయిగా నడిచి ఒక జవాబు ఇస్తుంది. 2017లో కొత్తగా రాసిన ప్రోగ్రామ్‌లో ఇది ఇలా వదిలెయ్యడం నాకు నచ్చలేదు.

6లో నిజంగా బాగున్నవి మూడు. గళ్ళు అన్నీ ఒకే సైజులో ఉండక్కర్లేదు, ఊట చుట్టూ మాత్రం చిన్నవి చేసుకోవచ్చు, పాతవాటిలో ఊట కోసం వరస మొత్తం చీల్చాల్సొచ్చేది. మూవర్ అని ఒకటి పెట్టారు, ఊటలోంచి వచ్చిన నీళ్ళని కింద పారే ఏటికి కలుపుతుంది, లేదంటే డ్రెయిన్ గడిలోంచి పోయిన నీళ్ళు మోడల్‌లోంచే మాయమవుతాయి. ఇంక న్యూటన్ పద్ధతి అని లెక్క కుదిర్చే ఒక దారి, గడి ఎండిపోయి మళ్ళీ తడిసే చోట పాత వెర్షన్లు ఆగిపోయేవి, ఇప్పుడు చాలావరకు నడుస్తాయి. రాయలసీమ లాంటి పలచటి పొరలున్న చోట ఇది లేకుండా పని జరగదు.

అసలు పరిమితి ఒకటుంది. ఫ్లోరిడా కింద ఉన్నది సున్నపురాయి, లోపల మనుషులు ఈదుకుంటూ వెళ్ళేంత పెద్ద గుహలున్నాయి. మోడ్‌ఫ్లో నీళ్ళు ఇసుకలోంచి జారినట్టు మెల్లగా పోతాయనుకుని లెక్క చేస్తుంది. పెద్ద ప్రాంతంలో మట్టాలు ఎంత పడతాయి అన్నదానికి ఈ ఊహ సరిపోతుంది, కానీ ఒక చోట పడిన ఎరువో మురుగో ఊట దాకా ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడిగితే గుహ దారిలో వచ్చేదానికి ఇది చెప్పే టైమ్‌కి పొంతన ఉండదు. ఆ ప్రశ్నకి నీళ్ళలో రంగు కలిపి అది ఊట దగ్గర ఎప్పుడు తేలుతుందో చూడటమే దారి.

ఇదంతా నిజంగా ఏ చెరువునైనా కాపాడిందా అని అడుగుతారు. టాంపా ఉత్తరాన పాస్కో, హిల్స్‌బరో కౌంటీల్లో బావుల క్షేత్రాల వల్ల సరస్సులూ చిత్తడి నేలలూ ఎండిపోయి ఇళ్ళ ముందున్న బోటు రేవులు గడ్డి మీద నిలబడ్డాయి. ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాక 1998లో అందరూ కలిసి టాంపా బే వాటర్ అనే ఒకే సంస్థగా మారి, 11 క్షేత్రాల నుంచి తోడేది మెట్లమెట్లుగా రోజుకి 9 కోట్ల గ్యాలన్లకి తగ్గించారు, బదులుగా నది నీళ్ళు, పెద్ద రిజర్వాయర్, సముద్రపు నీటి ప్లాంట్ తెచ్చుకున్నారు. అక్కడ వాన నీటి లెక్క చేసే ఇంకో ప్రోగ్రామ్‌ని మోడ్‌ఫ్లోతో కలిపి ఒక ఉమ్మడి మోడల్ కట్టారు, ఏ సరస్సు వాన వల్ల నిండింది, ఏది తోడటం తగ్గించడం వల్ల నిండింది అని దాంతో విడదీసి చూస్తున్నారు. నేను ఆ సరస్సులు కొన్ని చూశా. నీళ్ళున్నాయి.

మరి మన దగ్గర? సాఫ్ట్‌వేర్ పరంగా అడ్డేమీ లేదు, 8 జీబీ ల్యాప్‌టాప్ చాలు. హైదరాబాద్ దగ్గర మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలూ కలిసి గ్రానైట్ నేల మీద ఏళ్ళకేళ్ళు పని చేసి మెత్తబడిన పొర ఎంత, దాని కింద పగుళ్ళ పొర ఎంత అని బాగా తేల్చారు, మోడల్ కట్టాలనుకునేవాళ్ళు ముందు ఆ పేపర్లు చదవండి. మనకి కొరత ఎంత తోడుతున్నామనే లెక్క. వ్యవసాయానికి కరెంటు ఫ్రీ, చాలా మోటార్లకి మీటర్లు లేవు, ఏ బోరు ఎంత తోడుతోందో పంటని బట్టి ఊహించుకోవాలి. మోడల్‌లో నీళ్ళ ఖర్చు వైపు అన్నిటికంటే పెద్ద అంకెనే అంచనాగా పెడితే మిగతాది ఎంత బాగా చేసి ఏం లాభం. అందుకే 2000ల్లో ఏపీఫామ్స్ ప్రాజెక్టులో రైతులే బావుల మట్టాలు కొలిచి, గోడ మీద రాసి, ఈ ఏడు ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకున్న పద్ధతి నాకు అపురూపం. మోడ్‌ఫ్లోకి కావాల్సిన అన్నం అదే.

మా ఊరి ఊటకాలువ నేను పుట్టకముందే ఆగింది. మా అమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఏట్లో చెలమ తోడితే మోకాలి లోతులో నీళ్ళు పడేవట, ఇప్పుడు ఇసుక కూడా లేదు. ఫ్లోరిడా నుంచి వెళ్ళాక మా నాయన తనంతట తానే మొదలుపెట్టాడు, మా పాత దిగుడుబావిలో ప్రతి ఆదివారం పొద్దున మోటార్లు వేయకముందు తాడుకి రాయి కట్టి దించి, తడి ఎక్కడిదాకా ఉందో టేపుతో కొలిచి నాకు వాట్సాప్‌లో పంపుతాడు. పక్క పొలాల వాళ్ళు ఇద్దరు కూడా కలిశారు. మూడు బావులు, 14 నెలలు. నేను ఫ్లోపైలో గ్రిడ్ గీసి పెట్టుకున్నా, బోర్లు మాత్రం ఇంకా ఎక్కించలేదు, ఎవరి మోటార్ ఎన్ని గంటలు నడుస్తుందో రాసుకోమని మా నాయన ఊళ్ళో అడుగుతున్నాడు.